పిల్లనగ్రోవి దొంగ

బమాకోలో టేప్ రికార్డర్లు బాగుచేసేవాళ్ళకు కరువు లేదు. పెద్ద మసీదు వెనక సందులోకి రాయి విసిరితే ఎవడో ఒక మెకానిక్‌కి తగులుతుంది. నమ్మకస్తుడికి తగలాలంటే మాత్రం ఊళ్ళో రాళ్ళన్నీ చాలవు. సెట్టు ఇచ్చి వస్తే లోపలి మంచి స్పీకర్ ఊడబీకి, తుక్కుది బిగించి, పైన మాత్రం గుడ్డతో తళతళలాడేలా తుడిచి ఇస్తారు. అందుకే మా పేటలో జనం రిపేరుకు ఇచ్చేముందు లోపలి సామాన్లకు గోళ్ళరంగు చుక్కలు పెట్టి ఇస్తారు. మేం పెట్టలేదు. మా నాన్న యోరో సంగరేకి అప్పట్లో మనుషుల మీద అంత గురి.

ముందు ఆ సెట్టు సంగతి చెప్పాలి. నాన్న రైల్లో గార్డు. బమాకో నుంచి డకార్ వెళ్ళొచ్చే బండి ఆయనది. ఒకసారి డకార్‌లో రేడియో, టేప్ రికార్డర్ కలిసిన సెట్టు కొన్నాడు, నిలువెత్తు చెక్క స్పీకర్లతో సహా. గార్డు పెట్టెలో దాని పక్కనే గోనెసంచీ పరుచుకుని, నిద్ర లేకుండా కాపలా కాసి తెచ్చాడు. దారిలో ప్రతి స్టేషన్లోనూ ఎవరో ఒకరు చూడ్డానికి ఎక్కేవారట. కాయ్ స్టేషన్‌లో ఒకాయన రెండు పొట్టేళ్ళను ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి బేరం కూడా ఆడాడట. నాకు ఊహ తెలిసేసరికి ఆ సెట్టు మా ఇంటికి పెద్దకొడుకు. దాని మీద కప్పిన ముసుగు మా పండగ బట్టలకన్నా ఖరీదైన బజిన్ గుడ్డ. ఆ ముసుగు ముట్టుకుంటే అమ్మ అట్లకాడతో వచ్చేది.

ఆదివారం పెళ్ళిళ్ళు ముగించుకుని వచ్చిన జనమంతా మా వాకిట్లోనే చేరేవారు. బొగ్గుల కుంపటి మీద టీ మరుగుతూ ఉండేది. ఆడవాళ్ళు అలసందల గారెలు వేయించేవారు. నాన్న ముసుగు తీసి, మడతపెట్టి, భుజం మీద వేసుకుని, ఇమాం వేదిక ఎక్కినంత నిదానంగా మీట నొక్కేవాడు. ఆ తర్వాత చాలా మంది ఇళ్ళలో చాలా పాటలు విన్నాను. అప్పటి పాటలకు ఉన్న వాసన, ఆ గారెలదో ఏమో, మళ్ళీ తగల్లేదు.

ఆ సెట్టుకి అసలు విలువ తెచ్చింది మాత్రం మా బాబాయి తుమానీ. మేం ఫులా వాళ్ళం, ఆవుల వెనక తిరిగిన జాతి. తాతా నాయనమ్మా ముందే పోతే బాబాయిని వీపున కట్టుకుని పెంచింది నాన్నే. నాన్న రైలెక్కాడు, బాబాయి ఆవుల దగ్గరే ఉండిపోయి పిల్లనగ్రోవి పట్టాడు. ఒక ఏడు యువజనోత్సవాలకి మా ఊరి బృందంతో బమాకో వచ్చి వాయించాడు. వాళ్ళ పాటను రేడియోలో వేస్తారని కబురొచ్చింది. ఆ సాయంత్రం మా వాకిట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. నాన్న కొత్త క్యాసెట్ పెట్టి, మీట మీద వేలుంచి కూర్చున్నాడు. ముందు డోలు, తర్వాత సొరబుర్ర వీణ, ఆ తర్వాత వాటి నెత్తి మీదికి ఎగురుతూ పిల్లనగ్రోవి. వాకిలంతా కేకలతో హోరెత్తింది. బాబాయి అక్కడే ఉండి, సిగ్గుతో టోపీని ముక్కుదాకా లాక్కున్నాడు. నాన్న మాత్రం ఎవరి వంకా చూడలేదు. పాట అయ్యేదాకా మీట మీది వేలు తియ్యలేదు.

తర్వాత బాబాయి కూలి పనికని అబిజాన్ రేవుకు వెళ్ళాడు. అక్కడే జ్వరం తగిలి పోయాడు. అక్కడివాళ్ళే పాతిపెట్టారు. సమాధి ఎక్కడుందో నాన్న ఎన్నడూ చూడలేదు. ఫోటో కూడా లేదు, మనిషికి కెమెరా అంటే భయం. మిగిలింది ఆ క్యాసెట్. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన నుంచి రాగానే నాన్న ఆ పాట పెట్టుకునేవాడు. అమ్మ పోయింది, రైలు ఆగిపోయింది, నేను భర్తను పోగొట్టుకుని పుట్టింటికొచ్చి ఆ వాకిట్లోనే బట్టల అద్దకం మొదలుపెట్టాను. శుక్రవారం పాట మాత్రం ఆగలేదు.

ఆగింది మొదటిసారి, లోపలి బెల్టు తెగినప్పుడు. మసీదు వెనక సందులో ఒకతనికి ఇచ్చాం. అతను ఇదిగో అదిగో అంటూ వానాకాలమంతా తిప్పాడు. చివరికి తెచ్చుకుని, శుక్రవారం దాకా ఓపిక పట్టి, నాన్న పాట పెట్టాడు. డోలు మోగింది. వీణ మోగింది. నాన్న తల వంచి విన్నాడు. కాసేపటికి తలెత్తి, "పిల్లనగ్రోవి ఏదీ?" అన్నాడు.

నాకు వినిపిస్తూనే ఉంది. "వస్తోందిగా నాన్నా" అన్నాను. నాన్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "అది ఎలా ఉండేదో నీకేం తెలుసు? నువ్వప్పుడు గారెలు లెక్కపెట్టుకుంటున్నావు" అన్నాడు. మా ఇళ్ళలో తండ్రి ఇది నలుపంటే నలుపు. పైగా నిజమే కదా, ఒకప్పటికీ ఇప్పటికీ తేడా ఉందేమో, నాకు గుర్తులేదేమో అనుకున్నాను.

నాన్న లెక్క తేలిగ్గా తేలిపోయింది. పెట్టెలో పిల్లనగ్రోవిని పలికించే ముక్క ఒకటుంది, దాన్ని ఆ మెకానిక్ కాజేశాడు. ఈ మాట పేటంతా పాకింది. కొందరు అయ్యో అన్నారు, కొందరు అతన్ని కొడదామన్నారు. నేను ఒకరి తర్వాత ఒకరిని తీసుకొచ్చాను. ఒకడు హెడ్ అరిగిందన్నాడు. ఇంకొకడు దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచి, స్క్రూ అటూ ఇటూ తిప్పి, ఇప్పుడు వినండి అన్నాడు. నాన్న విని, అతని చేతిలో టీ గ్లాసు లాక్కున్నంత పని చేశాడు. మూడోవాడు సెట్టు నాకిచ్చెయ్యండి, మోటారు కొత్తది వేస్తానని కళ్ళు ఆర్పకుండా దాన్నే చూశాడు. వాడి చూపే చెప్పింది, పిల్లి పాలకుండ దగ్గర కూర్చున్నట్టుంది.

శుక్రవారాలు వస్తూనే ఉన్నాయి. నాన్న పాట పెట్టడం, సగంలో ఆపేసి ముసుగు కప్పడం. తిండి తగ్గింది. ఒక రోజు, "తుమానీని రెండోసారి పాతిపెట్టారు" అన్నాడు. ఆ పాట తిరిగి రాకపోతే ఈ మనిషి కూడా ఎక్కువ రోజులు ఉండడని తెలిసిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది కమ్మరి. ఫులా వాళ్ళకూ కమ్మరి వాళ్ళకూ తాతల నాటి ఒప్పందం ఒకటుంది. బావా బావమరుదుల పరాచికం లాంటిదే, కాకపోతే మాలో కులానికీ కులానికీ మధ్య. ఎదురుపడితే తిట్టుకోవాలి. ఎంత తిట్టినా కోపం రాకూడదు. ఒకరు అడిగింది ఒకరు కాదనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకరికొకరు హాని తలపెట్టకూడదు, తలపెడితే వంశం మాడిపోతుంది. ఫులా వాడి సెట్టులో కమ్మరి దొంగతనం చేయడం అనేది జరగని పని. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళు తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మెదీనా కురా పేటలో జుమానా ఫానే అని, నా చిన్నప్పటినుంచీ మా ఇంటికి వచ్చిపోయేవాడు ఉన్నాడు. వాళ్ళ నాన్న పలుగు పారలు చేసేవాడు, ఇతను కొలిమి మానేసి రేడియోలకు టంకం పెడతాడు.

జుమానా గుమ్మంలో అడుగుపెడుతూనే మొదలుపెట్టాడు. "ఏరా నా బానిసా, ఇంకా బతికే ఉన్నావా? ఎవరి ఆవుని తోలుకొచ్చావు ఈ పూట?"

వారం రోజులుగా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మనిషి లేచి కూర్చున్నాడు. "రా రా బొగ్గుమొహమా. పొద్దున్నే నీ మొహం చూశాను, ఇవాళ నాకు అన్నం పుట్టదు" అన్నాడు. నాన్న కళ్ళల్లో వెలుగు చూసి నేను లోపలికెళ్ళి ఏడ్చి వచ్చాను.

జుమానా సెట్టు విప్పాడు. చేతులు పనిలో, నోరు తిట్లలో. లోపల ఏ ముక్కా మారలేదన్నాడు. డకార్‌లో పుట్టినప్పటి స్పీకర్లే, బెల్టు ఒక్కటే కొత్తది, అది కూడా మంచిదే వేశాడన్నాడు. నాన్న నమ్మలేదు. పాట పెట్టించాడు. పాట నడుస్తుండగా జుమానా లేచి, ఏదో వెతుకుతున్నట్టు నాన్న కుర్చీ వెనక్కి వెళ్ళాడు. జేబులోంచి చిన్న మేకు తీసి స్క్రూడ్రైవర్‌తో టింగున కొట్టాడు. గోడ దగ్గర గింజలేరుతున్న కోడి తలెత్తింది. నేను తలెత్తాను. నాన్న తలెత్తలేదు. జుమానా ఇంకాస్త దగ్గరికి వంగి మళ్ళీ కొట్టాడు. నాన్న డోలుకి కాలు ఆడిస్తూనే ఉన్నాడు.

జుమానా మేకుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. తర్వాత ముందుకొచ్చి, నడుం మీద చేతులు పెట్టి, వాకిలంతా వినేట్టు అన్నాడు. "పెట్టెకేం రోగం లేదు. ఆవుల తోకలు పట్టుకుని తిరిగి తిరిగి నీ చెవుల్లో పేడ గట్టిపడింది. రేపు గునపం తెస్తాను, తవ్వుకుందాం."

నేను రంగు అద్దిన బజిన్ గుడ్డల్ని మెరుపు కోసం కర్రలతో బాదే ఆడవాళ్ళు ఆ కర్రలు పడేసి నవ్వారు. గోడ అవతలివాళ్ళు నవ్వారు. అందరికన్నా ఎక్కువ నాన్న నవ్వాడు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఈ కమ్మరి నోరే ఒక కొలిమి" అన్నాడు. ఆ తర్వాత, "సరే, సరసం అయిందిగా, ఇక ఆ ముక్క ఎక్కడ దొరుకుతుందో చెప్పు" అన్నాడు.

ఇదీ మాతో వచ్చిన చిక్కు. పెద్దవాడి మొహం మీద, నీకు చెవుడొచ్చిందని చెప్పగల హక్కు ఈ లోకంలో ఒక్క కమ్మరికే ఉంది. వాడు చెప్తే నవ్వుకోవాలనే నియమం కూడా ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా వాకిట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుడ్డకి మెరుపెక్కించే కర్రల దడదడ. ఆ చప్పుడులో అందరమూ అరుచుకునే మాట్లాడుకుంటాం. నాన్నతో గట్టిగా మాట్లాడుతున్నామని ఎవరికి తెలుస్తుంది? చెవుడు మెల్లగా మా మధ్యకొచ్చి చాప పరుచుకుని కూర్చుంది, దాన్ని పలకరించినవాళ్ళే లేరు. ముసలితనంలో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాలనే మింగుతుందట, సెట్టు మెకానిక్ దగ్గర ఉన్న ఆ వానాకాలంలోనే అది బాబాయి పిల్లనగ్రోవి దాకా వచ్చినట్టుంది.

జుమానా వెళ్తూ గుమ్మం దగ్గర నన్ను ఆపి, "సితాన్" అని పేరు పెట్టి పిలిచాడు. అంతకుముందు ఎప్పుడూ దొంగపిల్లా అనే పిలిచేవాడు. "అది సరసం కాదు" అన్నాడు.

"తెలుసు. మేకు శబ్దం నేను విన్నాను" అన్నాను.

చెప్పాలి అని నాకు తెలుసు. నీళ్ళ తొట్టి దగ్గర, అన్నం గిన్నె దగ్గర, మంచం దగ్గర మాట నాలుక చివరిదాకా వచ్చేది, మళ్ళీ మింగేసేదాన్ని. కూతురు తండ్రికి చెప్పే మాట కాదది. ఇంతలో బజారునుంచి ఒకడు దాపురించాడు, చవక క్యాసెట్లు అమ్ముకునేవాడు. పెట్టెది కాదు తప్పు, క్యాసెట్‌దని నాన్నకి నూరిపోశాడు. లోపలి రీలు బయటికి లాగి ఏదో మందులో కడిగితే పిల్లనగ్రోవి తేటగా పైకొస్తుందట. పాపం, మునిగేవాడు గడ్డిపోచని కూడా పట్టుకుంటాడు. శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మని నాన్న మాట ఇచ్చేశాడు. వద్దు నాన్నా అంటే, "నీకు బాబాయి అక్కర్లేదు" అన్నాడు.

నేను చేతులకంటిన నీలిరంగు కడుక్కోకుండానే జుమానా కొట్టుకి పరిగెత్తాను. రీలు మందులో పడితే పాటంతా పోతుందని అతనికి నేను చెప్పక్కర్లేదు. వచ్చి తిట్టి ఆపమన్నాను. అతను టంకం కర్ర పక్కన పెట్టాడు. ఎంత తిట్టినా నవ్వి ఊరుకుంటాడు, తిట్టి లాభం లేదన్నాడు. ఇక మిగిలిన దారి ఒక్కటే, అది తనకి బొత్తిగా ఇష్టం లేదన్నాడు.

శుక్రవారం ప్రార్థన అయ్యాక వచ్చాడు. పనిబట్టలు కాదు, పండగలకి వేసుకునే తెల్లటి పొడుగు అంగీ, బూబూ తొడుక్కున్నాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. టోపీ తీసి చేత పట్టుకుని, చాప అంచున కూర్చుని, మాలో తాంబూలంలా పెద్దల ముందు పెట్టే కోలా కాయల పొట్లం నాన్న ముందు పెట్టాడు. చెవి దగ్గరికి వంగి, "యోరో సంగరే గారూ, మీరు కులాసాగా ఉన్నారా?" అన్నాడు.

నాన్న మొహంలో నెత్తురు లేదు. "ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదు."

"మరి ఆ గొంతేమిట్రా? నన్ను మీరు అంటావేం?"

"ఒకటి అడగడానికొచ్చాను. కమ్మరి కోలాలు పెట్టి అడిగితే ఫులా వాళ్ళు కాదనకూడదు. ఆ క్యాసెట్ ఎవరికీ ఇవ్వకండి. అది బాగుంది. పెట్టె బాగుంది. పిల్లనగ్రోవి అందులోనే ఉంది. మాకందరికీ వినిపిస్తోంది."

నాన్న నా వైపు చూశాడు. నేను తల దించుకోవాలి, అది మా మర్యాద. దించుకోలేదు. ఆయన కళ్ళలోకి చూస్తూ, అవును అన్నట్టు తల ఊపాను. బాదే ఆడవాళ్ళ కర్రలు ఎప్పుడు ఆగాయో తెలియదు. మా వాకిలి అంత నిశ్శబ్దంగా ఉండడం అమ్మ పోయిన రోజు తర్వాత అదే.

"మొన్న నువ్వన్నది ఇదేనా?" అన్నాడు నాన్న.

"ఇదే."

"నవ్వుతూ చెప్పావు కదరా."

"మీకు ఇంకెలా చెప్పను?"

నాన్న పొట్లం విప్పాడు. ఒక కోలా కాయ తీసి, విరిచి, సగం జుమానా చేతిలో పెట్టాడు. అంటే అడిగింది ఇచ్చేసినట్టే. తర్వాత మెల్లగా అన్నాడు. "అదే మాట తిట్టి చెప్పరా కమ్మరీ. నాకు అది తిట్టులోనే బాగుంది."

జుమానా నోరు తెరిచాడు. ఆవూ రాలేదు, పేడా రాలేదు. నన్ను చిన్నప్పటినుంచీ తిడుతున్న మనిషి, దారిన పోయే ఏ ఫులా వాడినీ వదలని మనిషి, తిట్టు కోసం వెతుక్కుని దొరక్క టోపీతో మొహం కప్పుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నాన్నే అతని భుజం తట్టి, "ఊరుకో, బొగ్గు కరిగిపోతుంది" అన్నాడు. నా వైపు తిరిగి, పాట పెట్టమన్నాడు.

ముసుగు తీసి మడతపెట్టి ఆయన భుజం మీద వేశాను. మీట నొక్కాను. డోలు వచ్చింది. వీణ వచ్చింది. పిల్లనగ్రోవి మొదలవగానే ఆయనకి తెలియాలని చెయ్యి పట్టుకోబోయాను. అక్కర్లేదన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు పైకి ఎక్కుతాడు" అన్నాడు. బాబాయి పైకి ఎక్కాడు.

"ఇప్పుడు దిగుతాడు, తొందర పడతాడు, వెధవ, ఎప్పుడూ అక్కడ తొందరే." బాబాయి తొందరపడ్డాడు.

జుమానా, నేనూ మొహాలు చూసుకున్నాం. నాన్నకి ఆ పిల్లనగ్రోవి ఒక్క ముక్క కూడా వినపడడం లేదని మా ఇద్దరికీ తెలుసు. క్యాసెట్‌లో పిల్లనగ్రోవి ఒక్క క్షణం ఆగి, బాబాయి గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. అదే క్షణంలో, నా పక్కన నాన్న కూడా ఊపిరి పీల్చాడు.